చేదు పోయిన మందు

ఫార్మసీ చదవడానికి ఈ దేశం వచ్చిన మన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. రిటైరైనవాడి దగ్గర నేర్చుకోవలసింది ఏదో ఉంటుందని వాళ్ళ నమ్మకం. "ఇప్పుడంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది అంకుల్. రెండు మందులు ఒకదానికొకటి పడకపోతే స్క్రీన్ మీద ఎర్రగా వచ్చేస్తుంది" అంటారు. మంచిదే. నేను పనిచేసిన రోజుల్లో ఆ ఎరుపు మా తలల్లో ఉండాలి, లేకపోతే ఎక్కడా ఉండేది కాదు. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ స్క్రీన్ ఎర్రబడాలంటే రెండు మందులూ దానికి తెలియాలి. ఒక మందు ఈ షాపులోనూ, రెండోది ఇరవై మైళ్ళ అవతల ఎవరికీ తెలియని షాపులోనూ కొనే మనుషులు మనవాళ్ళలో అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళు అలా ఎందుకు కొంటారో మీకు తెలియాలని ఇది రాస్తున్నాను. ఇందులో మిమ్మల్ని సంతోషపెట్టేది ఏమీ లేదు.

తొంభయ్యో దశకం మొదట్లో నేను మెల్‌బోర్న్‌కు ఆగ్నేయాన, డాండినాంగ్ వెళ్ళే దారిలో ఒక కెమిస్ట్ షాపులో పనిచేసేవాణ్ణి. యజమానురాలు కూడా ఫార్మసిస్టే. ఆవిడ తాత, తండ్రి అదే కౌంటరు వెనక నిలబడ్డవాళ్ళు. నేనూ ఒక తాతకు మనవణ్ణే. గోదావరి జిల్లాలో మాది ఒకప్పుడు ఎస్టేటు. ఎస్టేటు పోయింది, తర్వాత వ్యాజ్యాల్లో భూములు పోయాయి, నా వంతుకు ఇంటిపేరు వచ్చింది. నేను డ్యూటీలో ఎప్పుడూ కూర్చోలేదు. టై కట్టుకోకుండా తెల్లకోటు వేసుకోలేదు. కస్టమరు ఎంత అరిచినా గొంతు పెంచలేదు. ఇదంతా చూసి యజమానురాలు నన్ను 'యువర్ లార్డ్‌షిప్' అని పిలిచేది. నేను అభ్యంతరం చెప్పలేదు, కారణం కూడా చెప్పలేదు.

మా కస్టమర్లలో తెలుగువాళ్ళు చాలా తక్కువ. వాళ్ళలో ఒకాయన హైస్కూల్లో లెక్కల టీచరు. అందరం మాస్టారు అనేవాళ్ళం. మొదటిసారి షాపుకు వచ్చినప్పుడు నా కోటు మీది పేరు చదివి, కళ్ళజోడు పైకెత్తి మళ్ళీ చదివారు.

"ఏ ఊరండీ మీది?"

చెప్పాను.

"అనుకున్నాను! అయితే మీరు ఆ దొరల మనవలన్నమాట. మాది మీ కిందనున్న ఊరేనండీ, ఊరికి అవతల, చెరువు కింది పేట. మా తాత మీ కచేరీ దాటేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. ఇప్పుడు చూడండి, మీరు నాకు మందు కట్టి ఇస్తున్నారు. మా తాత ఈ సంగతి వింటే గుండాగి పోయేవాడు."

"మా తాతయినా అంతే" అన్నాను.

ఆయన ఎంత గట్టిగా నవ్వారంటే లోపలినుంచి మా యజమానురాలు ఏమైందోనని బయటికి వచ్చింది. ఆనాటినుంచి ఆయన వచ్చినప్పుడల్లా "దొరగారూ, ఉన్నారా?" అని గుమ్మంలోంచే కేకేసేవారు. నాకు అది నచ్చిందని చెప్పను. కానీ ఆ మనిషి మీద నాకు గౌరవం ఉండేది. ఆయన తండ్రి మిషన్ బడిలో చదువుకుని అదే బడిలో పంతులయ్యాడు. ఈయన ఎమ్మెస్సీ చేసి, సముద్రం దాటి, ఇక్కడి పిల్లలకు కాల్క్యులస్ చెప్పే స్థాయికి వచ్చారు. మావాళ్ళు దిగిన మెట్లన్నీ వాళ్ళు ఎక్కారు.

ఆయనకు రక్తంలో కొలెస్టరాల్ చాలా ఎక్కువ. వంశంలో ఉంది. తండ్రి, పెదనాన్న ఇద్దరూ గుండెపోటుతోనే పోయారు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కొలెస్టిరమైన్ అనే పొడి రాశాడు. ఈ తరం వాళ్ళు దాన్ని ఎక్కువగా చూసి ఉండరు. ఇసకలా గరగరలాడే పొడి. నారింజరసంలో కలుపుకుని రోజూ భోజనానికి ముందు తాగాలి. అది రక్తంలోకి వెళ్ళదు. పేగుల్లోనే తిరుగుతూ అక్కడి పిత్తరసాన్ని పట్టుకుని బయటికి పోతుంది. పోయిన పిత్తరసాన్ని మళ్ళీ తయారు చేసుకోవడానికి ఒళ్ళు రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. ఆలోచన బాగానే ఉంది. చిక్కేమిటంటే ఆ పొడికి పట్టుకోవడమే తెలుసు, ఏది పట్టుకోవాలో తెలియదు. దారిలో వేరే మందు కనబడితే దాన్నీ పట్టుకుపోతుంది. అందుకని మిగతా మందులేవైనా ఉంటే పొడికి గంట ముందైనా, నాలుగు గంటల తర్వాతైనా వేసుకోవాలి. డబ్బా మీద ఆ చీటీ అంటించాను, నోటితోనూ చెప్పాను.

"నాకు వేరే మందులేం లేవు దొరగారూ. ఈ ఇసక ఒక్కటే" అన్నారు.

ఆయనకు తెలిసినంతవరకు అది నిజమే.

ఇక్కడ మనవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. గుండెజబ్బు మనలో పరువైన జబ్బు. ఉగాదికి ఏ స్కూల్ హాలో అద్దెకు తీసుకుని అందరూ కలిస్తే, మగవాళ్ళు పులిహోర ప్లేట్లు పట్టుకుని తమ కొలెస్టరాల్ అంకెలు ఒకరికొకరు చెప్పుకునేవారు. కష్టపడి పైకి వచ్చినవాడికి వచ్చే జబ్బు అది. మాస్టారు కూడా తన పొడి గురించి చర్చి దగ్గర అందరికీ చెప్పేవారు. మనసుకు వచ్చే జబ్బు అలా కాదు. దానికి మనకు ఒకటే మాట ఉంది, ఆ మాట పడ్డవాడి ఇంట్లో పిల్లకు సంబంధం కూడా రాదు.

ఆ ఏడు ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవాలని చాలా స్కూళ్ళు మూసేసింది. మాస్టారి స్కూలు పోయింది. ఉద్యోగం పోలేదు కానీ ఆయన్ని ఇంకో స్కూలుకు పంపి, క్లాసు ఇవ్వకుండా లైబ్రరీలో కూర్చోబెట్టారు. వేసవి సెలవుల తర్వాత షాపుకు వచ్చినప్పుడు గుమ్మంలో కేక లేదు. "పొడి ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను. శీతాకాలం వచ్చేసరికి చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా తిరుగుతోంది. ఒంట్లో ఎలా ఉందని అడిగితే "లైబ్రరీ కదండీ, సైలెన్స్" అన్నారు. నవ్వలేదు.

తర్వాత ఒక రోజు ఆయన భార్య వచ్చింది. ఆవిడ ముసలివాళ్ళ నర్సింగ్ హోములో పనిచేసేది. నేను ఆవిణ్ణి చర్చివాళ్ళ ఫంక్షన్లలో చూడటమే తప్ప ఆవిడ మా షాపులో అడుగుపెట్టడం అదే మొదలు. షాపు ఖాళీ అయ్యేదాకా షాంపూల దగ్గర నిలబడి, అప్పుడు కౌంటరు దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీతో ఒక మాట. ఎవరితోనూ అనకూడదు."

"నేను ఎవరి సంగతీ ఎవరితోనూ అననమ్మా."

"అందరూ అలాగే అంటారు" అని, వెంటనే నాలుక కరుచుకుంది. "తప్పుగా అనుకోకండి. మీరు తెలుగువాళ్ళనే కదా, ఇన్నాళ్ళూ దీన్ని ఇరవై మైళ్ళ అవతల ఫ్రాంక్‌స్టన్ వెళ్ళి కొన్నాను."

సంచిలోంచి ఒక పెట్టె తీసి నా ముందు పెట్టింది. లేబుల్ గోటితో గీకేసి ఉంది. పెట్టె మీద అచ్చువేసిన పేరు మాత్రం ఉంది: డాక్సెపిన్. దిగులు జబ్బుకు ఇచ్చే పాతకాలపు కాప్సూల్.

ఆవిడ చెప్పింది ఇది. భర్త నిద్రపోవడం లేదు, తినడం లేదు, గంటలకొద్దీ గోడకేసి చూస్తున్నారు. బతిమాలి ఫామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు ఈ కాప్సూల్ రాశాడు. మాస్టారు కార్లో కూర్చోగానే ఆ చీటీ చించేసి, "నాకు పిచ్చి లేదు" అన్నారట. మళ్ళీ డాక్టరు గుమ్మం ఎక్కలేదు. ఆవిడ ఒక్కతే వెళ్ళి ఇంకో చీటీ రాయించుకుంది. వారాలు గడిచినా గుణం కనబడలేదు. ఆవిడ వెళ్ళి చెప్పడం, డాక్టరు డోసు పెంచడం. చివరికి కొలెస్టరాల్ పరీక్షకు తీసిన రక్తంలోనే ఈ మందు ఎంత ఉందో కూడా పరీక్ష చేయించాడు డాక్టరు. దాదాపు ఏమీ లేదని వచ్చింది.

"మీ ఆయన మందు ఉమ్మేస్తున్నాడు, నిన్ను మోసం చేస్తున్నాడు అంటాడు డాక్టరు. ఇంక ఆసుపత్రిలో పెట్టి తలకు కరెంటు షాకులు ఇవ్వాలి, నేను రాసేస్తాను అంటున్నాడు. అన్నయ్యగారూ, ఆయన ఉమ్మడం లేదు. రోజూ నా చేత్తో నేను ఇస్తున్నాను. నా కళ్ళముందు తాగుతున్నారు."

"తాగుతున్నారా? ఇది కాప్సూల్ కదమ్మా."

ఆవిడ కౌంటరు మీది గాజువైపు చూస్తూ ఉండిపోయింది. "విప్పి కలుపుతున్నాను. సాయంత్రం తాగే పొడిలో. మా హోములో ముసలివాళ్ళకు మేం కస్టర్డ్‌లో కలిపి పెడతాం. అది పనే కదా మాకు. ఆయన ఆ పొడి ఒక్కటే నమ్మకంగా తాగుతారు. గుండెకు కదా."

నేను పెట్టె తిప్పి దాని మీది డోసు చదివాను.

"మొదట నీళ్ళలో కలిపి నాలుక మీద వేసుకుని చూశాను. విషం! నాలుక మొద్దుబారిపోయింది. ఇలా ఇస్తే ఒక్క గుక్కలో కనిపెట్టేస్తారనుకున్నాను. అదే పొడిలో కలిపి కాసేపుంచితే చేదే లేదండీ, ఉత్త నారింజ. దేవుడే దారి చూపించాడని ఆ రోజు మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాను."

అప్పుడు నాకు అంతా అర్థమైంది. చేదు ఎక్కడికీ పోలేదు. ఆ పొడి గ్లాసులోనే మందును పట్టేసుకుంది. నాలుకకే అందనిది ఒంటికేం అందుతుంది? ఆవిడ కొన్ని నెలలపాటు రోజూ భర్తకు మందు పోసింది, పోసినది పోసినట్టు బయటికి పోయింది. ఈ లోపల ఆ మనిషి మునిగిపోతూ ఉన్నాడు.

అర్థమయ్యేలా చెప్పాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే నేను అబద్ధం చెప్పలేదని డాక్టరుకు చెప్పండి" అంది. ఇంకా ఏదో చెప్పాలన్నట్టు ఆగి, "గ్యారేజీ తాళంచెవి ఇప్పుడు నా దగ్గరే పెట్టుకుంటున్నాను అన్నయ్యగారూ" అంది. ఎందుకని నేను అడగలేదు. అడగనక్కర్లేదు.

ఆవిడ వెళ్ళాక ఒక కాప్సూల్ విప్పి, సగం ఒక కప్పులో ఉత్త నీళ్ళలో, సగం ఇంకో కప్పులో ఆ పొడితో కలిపి పరీక్ష చేశాను. మా యజమానురాలు నమ్మలేదు. రెండు చిన్న కప్పుల్లోవీ తానే రుచి చూస్తానంది. పొడి కలిపినది చప్పరించి భుజాలు ఎగరేసింది. నీళ్ళలోది నాకి "బ్లడీ హెల్!" అని సింకు దగ్గరికి పరుగెత్తింది. ఆ మధ్యాహ్నమంతా నత్తి మాటలతో కస్టమర్లకు దగ్గుమందులు అమ్మింది.

డాక్టరుకు ఫోను చేశాను. చెడ్డవాడు కాదు. అంతా విని "పాపం, ఆమె చెప్పింది నిజమేనన్నమాట" అన్నాడు. వెంటనే ఉత్సాహం వచ్చింది. "మరి సులువే కదా. పొడి ఆపేద్దాం. కొలెస్టరాల్‌కు కొత్త మాత్రలు వచ్చాయి, అవి దేన్నీ పట్టుకోవు. ఆసుపత్రి వాళ్ళతో నేను మాట్లాడతాను. ఆమె ఆ కాప్సూల్‌ను దేంట్లో కలుపుతుందో నేను అడగను. నువ్వూ అడక్కు."

"డాక్టర్, మీరు డోసు పెంచుకుంటూ వచ్చారు. పొడి ఆపిన రోజు ఆ డోసంతా ఒక్కసారి ఒంట్లోకి వెళుతుంది."

"నిజమే. కింది డోసుతో మొదలుపెడదాం."

"కింది డోసైనా మొదట్లో మత్తు వస్తుంది. ఆయన రోజూ హైవే మీద కారు నడుపుతారు. ఆయనకు తెలియాలి."

"తెలిస్తే వేసుకోడు."

"వేసుకోకపోతే అది ఆయన నిర్ణయం."

"ఆ నిర్ణయం తీసుకునే స్థితిలో ఉన్నాడా ఆయన?"

"మీరు అడిగి చూశారా?"

"సరే. చెప్పేది నువ్వే అయితే చెప్పు" అని ఫోను పెట్టేశాడు.

మా యజమానురాలు అంతా విన్నది. నాలుక ఇంకా పూర్తిగా దారికి రాలేదు. "ఆ మనిషి మొగుణ్ణి బతికించుకోవాలని చూస్తోంది, యువర్ లార్డ్‌షిప్. నువ్వు మందులివ్వు. తీర్పులివ్వకు."

"నాకు తెలియకుండా నా నోట్లో ఎవరైనా మందు పోస్తే నేను ఒప్పుకోను."

"నీ నోట్లో ఎవరు పోయగలరు డార్లింగ్? నువ్వు నోరు తెరిస్తే కదా!"

మాస్టారి భార్యకు చెప్పాను, ఆయనకు తెలియకుండా ఆ కాప్సూల్ ఇంక నేను ఇవ్వనని, ఆవిడైనా చెప్పాలి, నేనైనా చెప్పాలి అని. ఆవిడ బతిమాలింది. ఫ్రాంక్‌స్టన్‌లోనే కొనుక్కుంటానంది. డాక్టరు ఒప్పుకోడు అన్నాను. చివరికి "అయితే మీరే వచ్చి చెప్పండి. మీరంటే ఆయనకు లోపల గౌరవం" అంది. అది నేను ఊహించని మాట.

శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. బయట సన్నగా వాన. హాల్లో హీటరు పక్కన మాస్టారు కూర్చుని ఉన్నారు. టీవీలో ఫుట్‌బాల్ ఆట, శబ్దం లేకుండా. గడ్డం సరిగ్గా గీసుకోలేదు. యూనివర్సిటీలో చదువుతున్న కూతురు ఒక పక్కన కూర్చుంది. "హాయ్ అంకుల్" అని నా కళ్ళలోకి చూడకుండా అంది. ఆ పిల్లకు విషయం తెలుసని అప్పుడే గ్రహించాను.

"రండి దొరగారూ" అన్నారు మాస్టారు. గొంతులో ఏమీ లేదు. "ఆయనకు కుర్చీ వెయ్యండి. వాళ్ళు కింద కూర్చోరు."

నేను నిలబడే చెప్పాను. తగ్గించలేదు, పెంచలేదు. ఏ మందు, ఎప్పటినుంచి, దేంట్లో, ఎందుకు పనిచేయలేదు, ఇప్పుడేం చేయాలి. ఆయన టీవీవైపు చూస్తూనే విన్నారు. చివరకు నావైపు తిరిగారు.

"ఆ పొడి ఈ మందును పట్టేసుకుంది. అంతేనా?"

"అంతే."

"ఎంతవరకు?"

"చాలావరకు."

"అంటే ప్రయోగం కూడా సరిగ్గా చేయలేదన్నమాట నా మీద."

భార్య ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తలేదు, అరవలేదు. మామూలుగా, క్లాసులో ప్రశ్న అడిగినట్టు అడిగారు.

"హోములో ముసలివాళ్ళకు కస్టర్డ్‌లో కలుపుతావు కదా. అలాగేనా?"

"అలాగే."

"వాళ్ళకు మింగడం రాదు. నాకు వచ్చు కదా."

ఆవిడ కుర్చీ అంచు పట్టుకుంది. "మీరు చీటీ చింపేశారు. నేనేం చెయ్యను? మీరు చచ్చిపోతారని భయమేసింది. పొద్దున లేచి మీ ఊపిరి చూసుకుని పనికి వెళ్ళేదాన్ని. నాకు ఇంకేం తెలుసు చెప్పండి?"

"డాడ్, షీ వాజ్ స్కేర్డ్" అంది కూతురు.

"ఐ నో, అమ్మా. ఐ నో."

తర్వాత నావైపు చూశారు. "మా తాత నోట్లో ఏం పడాలో మీ కచేరీలో కూర్చుని నిర్ణయించేవారు. నా నోట్లో ఏం పడాలో నా వంటింట్లో నిర్ణయించారు. పోనీ, మీరు వచ్చి చెప్పారు. ఆ మందు తెచ్చారా?"

"తెచ్చాను. మీరు ఒప్పుకుంటేనే."

"వేసుకుంటే పిచ్చివాణ్ణవుతానని ఇన్నాళ్ళూ భయపడ్డాను. వేసుకుంటూనే ఉన్నానట. ఇంకా దేనికి భయం?"

భార్య నీళ్ళకోసం లేచింది. ఆయన ఆవిడకంటే ముందు లేచి, వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, తన గ్లాసులో తానే పట్టుకుని వచ్చారు. అప్పుడది నాకు పెద్ద విషయంగా అనిపించలేదు.

మందు పనిచేసింది. సరైన మందు, సరైన సమయంలో, అడ్డేమీ లేకుండా ఒంట్లోకి వెళితే పనిచేయకుండా ఎందుకుంటుంది? వసంతం వచ్చేసరికి ఆయన కాలరు మళ్ళీ మెడకు సరిపోయింది. ఒక రోజు గుమ్మంలోంచే "దొరగారూ, ఉన్నారా?" అన్న కేక వినిపించింది. స్కూల్లో ఎవరో టీచరు సెలవు పెడితే పన్నెండో తరగతి ఈయనకు ఇచ్చారట. ఆ రోజు మా యజమానురాలు నా దగ్గరికి వచ్చి, "నువ్వే రైట్, యువర్ లార్డ్‌షిప్. ఒప్పుకుంటున్నాను" అంది. చుట్టుపక్కల డాక్టర్ల సమావేశంలో ఫామిలీ డాక్టరు ఈ కేసు చెప్పాడు, పేరు లేకుండా. పరీక్షలో మందు ముందెంత, తర్వాతెంత అని తెర మీద గీత గీసి చూపించాడు. గీత పైకి వెళ్ళింది. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను కూడా పిలిచారు. నేను వెనక నిలబడి ఆ గీత చూశాను. అప్పటికే నాకు రెండో సగం తెలుసు. తెర మీద వేయడానికి దానికి గీత లేదు.

అంతకు ముందు వారమే మాస్టారి భార్య వచ్చి చెప్పింది. ఆయన ఆవిడ చేతి నీళ్ళు తాగడం లేదు. తన అన్నం తాను వండుకుంటున్నారు. పాల సీసా తానే కొనుక్కుని, మూత తానే తీసి, తన టీ తాను కాచుకుంటున్నారు. తిట్టరు. కోపంగా చూడరు. ఆదివారం చర్చిలో ఆవిడ పక్కనే కూర్చుని పాటలు పాడతారు. ఇంటికి వచ్చాక ఆవిడ వడ్డించిన కంచం మూత పెట్టి అలాగే ఉంచుతారు. "ఉప్పు ఎక్కువైందని విసిరికొట్టినా బాగుండు అన్నయ్యగారూ" అంది.

క్రిస్మస్ ముందు ఆయన నోబుల్ పార్కు అనే చోట ఒక చిన్న ఫ్లాటు అద్దెకు తీసుకుని వెళ్ళిపోయారు.

నా ఉద్యోగంలో కస్టమరు ఇంటి సంగతిలో నేను తలదూర్చింది ఒక్కసారే. ఆ తర్వాత ఆయన మందుకు వచ్చినప్పుడు అన్నాను, "మాస్టారూ, ఆవిడ మీ ప్రాణం కోసం చేసింది. ఇంటికి వెళ్ళండి" అని.

ఆయన ఏమీ దాచకుండా చెప్పారు. "ఆ శనివారం మీరు వచ్చినప్పుడు నాకు కోపం కూడా రాలేదండీ. కోపానికి ఓపిక కావాలి. అది అప్పుడు లేదు. మీ కాప్సూల్ పనిచేశాక నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది, లెక్కలు వచ్చాయి. వాటితో పాటు ఇదీ వచ్చింది. మీ మందు మంచిదేనండీ, దేన్నీ వదలకుండా అన్నీ తిరిగిచ్చింది."

"కోపం తగ్గుతుంది."

"కోపం తగ్గిపోయింది. ఆవిడ మంచిది, నాకు తెలుసు. ఆవిడ లేకపోతే నేను బతికి ఉండేవాణ్ణి కాదు, అదీ తెలుసు. కానీ ఆవిడ గ్లాసు అందిస్తే నా చెయ్యి వెళ్ళదు. వెళ్ళమని చెప్పి చూశాను, వెళ్ళదు. దానికేమైనా మందుందా మీ దగ్గర?"

"లేదు."

"అయితే ఇది కట్టివ్వండి" అన్నారు.

మీరు ఈపాటికి అడుగుతారని తెలుసు. ఆ రోజు నేను చెప్పకుండా ఉండవలసిందా? పొడి మార్చి, డోసు తగ్గించి, ఆవిడ వంటింటి సంగతి ఆవిడకే వదిలేస్తే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు కదా? ఉండేవారేమో. ఆయన మత్తులో కారు ఏ లారీ కిందికో నడిపేవారేమో. నేను చేసింది సరైనదే. ఇప్పుడు మళ్ళీ ఆ పెట్టె నా ముందు పెట్టినా అదే చేస్తాను. ఒక మనిషి ఒంట్లోకి వెళ్ళేదేమిటో ఆ మనిషికి తెలియాలి. ఈ మాటలో నాకు అణుమాత్రం సందేహం లేదు. సందేహం లేకపోవడం వల్ల నాకేమీ సుఖం లేదు. సరైన పని చేస్తే చివరికి మంచే జరుగుతుందని మీకెవరైనా చెప్పి ఉంటే, వాళ్ళు కౌంటరు వెనక ఎక్కువ కాలం నిలబడి ఉండరు.

ఆ తర్వాతి ఏడు కూతురు ఉద్యోగానికి కాన్‌బెరా వెళ్ళిపోయింది. మాస్టారి భార్య ఇంట్లో ఒక్కతే. ఆయన చర్చి కూడా మార్చుకున్నారు. కూతురిని అడిగితే "ఆస్క్ హిమ్ యువర్‌సెల్ఫ్, మమ్" అంటుందట. ఇక ఆవిడకు మిగిలిన దారి మా షాపు ఒక్కటే. ఆయన మందుకు ప్రతి నెలా వస్తారని ఆవిడకు తెలుసు. ఒకప్పుడు నాకు తెలుస్తుందని ఇరవై మైళ్ళు వెళ్ళిన మనిషి, ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి నా దగ్గరికి వచ్చింది.

నర్సింగ్ హోము యూనిఫారం మీద కోటు వేసుకుని ఉంది. పని దిగి సరాసరి వచ్చినట్టుంది.

"ఆయన బాగున్నారా అన్నయ్యగారూ?"

"అది నేను చెప్పకూడదమ్మా."

"మందు తీసుకెళుతున్నారా? అదొక్కటే చెప్పండి."

"అదీ చెప్పకూడదు. ఆయన సంగతి ఆయనే చెప్పాలి."

"నేను పెళ్ళాన్ని కదా."

"అయినా."

ఆవిడ నా మొహంలో ఏదైనా దొరుకుతుందేమోనని కొంతసేపు చూసింది. నేను ఎదురుగా చూస్తూ నిలబడ్డాను.

"మా అత్తగారు చెప్పేది" అంది చివరికి, "మీ ఇంట్లోవాళ్ళ మొహాలు చూసి పంట పండిందో, ఇంట్లో పీనుగ లేచిందో తెలుసుకోలేమని."

అక్కడున్న దగ్గుబిళ్ళల పెట్టె ఒకటి తీసి కౌంటరు మీద పెట్టింది. ఆవిడకు దగ్గు లేదు. ఊరికే వచ్చి వెళ్ళిందని ఎవరూ అనుకోకూడదని కొన్నది.

మాస్టారు ఆ ఉదయమే వచ్చి వెళ్ళారు. గడ్డం నున్నగా గీసుకుని, కొత్త స్వెటరు వేసుకుని ఉన్నారు. ఒళ్ళు చేశారు. మా యజమానురాలితో క్రికెట్ గురించి జోకు కూడా వేశారు. మాస్టారి భార్యకు కావలసింది అంతే. ఒక్క మాటలో చెప్పేయవచ్చు.

దగ్గుబిళ్ళలు కాగితం సంచిలో వేసి ఇచ్చాను. ఆవిడ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. నేను తర్వాతి మందుల చీటీ చేతిలోకి తీసుకున్నాను.